వెనక్కి నడిచే మనిషి

ఆమె పోయిందన్న కబురు నాకు రాలేదు. మా పాపకు వచ్చింది.

పోయిన నెలలో ఒక ఆదివారం. పాప హాస్టలు నుంచి వచ్చి ఉంది. పొద్దున ఉగ్గాని తింటూ ఫోను చూసుకుని, పళ్ళెం పక్కకు జరిపింది. "పెద్దమ్మ పోయింది మా," అంది. "యాడ?" అన్నాను. "పుట్టపర్తిలో," అంది. లేచి చెయ్యి కడుక్కుంది, సంచిలో ఒక జత బట్టలు కుక్కుకుంది. నేనూ వస్తానన్నాను. "వద్దులే మా," అంది. కోపంగా కూడా కాదు, ఇంకాస్త చట్నీ వేయనా అంటే వద్దన్నట్టు. బస్టాండు వైపు పోతుంటే గడపలో నిలబడి చూశాను. ఏడుస్తోందని భుజాలను బట్టి తెలిసింది.

పెద్దమ్మ అంటే నాకు అక్క కాదు. చుట్టమూ కాదు. రాయదుర్గంలో మేముండే వీధి చివర ఒంటి గదిలో అద్దెకుండి, జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనిచేసిన మనిషి. వీధిలో పిల్లలందరికీ పెద్దమ్మే. తొమ్మిదేళ్ల కిందట ఊరు విడిచిపోయింది. ఎక్కడికి పోయిందో నాకు తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించనూ లేదు. మా పాపకు మాత్రం తెలుసు. పుట్టపర్తిలో లాడ్జీలకు దిండు గలీబులు కుట్టేదని, మోకాళ్ళు నొప్పి పుడితే ఉప్పు కాపడం పెట్టుకునేదని, ప్రతి ఉగాదికీ పాపతో ఫోనులో మాట్లాడేదని, అన్నీ తెలుసు. నా ఇంట్లో నా అన్నం తింటూ నా కూతురు తొమ్మిదేళ్లుగా ఆమెతో మాట్లాడుతూనే ఉంది.

చచ్చిపోయిన మనిషి మీద అసూయ పడేవాళ్ళు ఉంటారా అంటే, ఉంటారు. నేనున్నాను. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఊళ్ళో ఎన్ని నోళ్ళలో నలిగిందో నాకు తెలుసు. అందులో నా నోరు కూడా ఉంది.

ఆమెను తలచుకుంటే ముఖం కంటే ముందు నాకు నడక కనిపిస్తుంది. ఆమె వెనక్కి నడిచేది. మా వీధికీ పిల్లల బడికీ మధ్య పెద్ద రోడ్డు ఉంది, బళ్లారి లారీలు పోయే రోడ్డు. పొద్దున ఎనిమిదింబావుకు వీధిలో పిల్లల్ని పోగేసి ఆ రోడ్డు దాటించి బడిలో దిగబెట్టడం, సాయంత్రం నాలుగింటికి యూనిట్లో చెప్పి వచ్చి మళ్ళీ తీసుకురావడం ఆమె తనంతట తాను పెట్టుకున్న పని. ఎవరూ అడగలేదు. అడ్వాన్సు ఇవ్వలేదు, జీతం ఇవ్వలేదు. ముక్కకింత అని కుట్టే పని కాబట్టి బయటికి వచ్చినంతసేపూ ఆమెకే నష్టం.

ప్యాంటుకు నడుము చుట్టూ బెల్టు దూర్చడానికి చిన్న చిన్న పట్టీలుంటాయి కదా, వాటిని లూపులంటారు. ఆమె రోజంతా కుట్టేది అవే. ముందు గజాల కొద్దీ పొడుగ్గా పట్టీ కుట్టి, తర్వాత ముక్కలుగా కోస్తారు. రంగు కలవనిదీ, కుట్టు వంకర పోయినదీ పారేస్తారు. రాయదుర్గంలో ఆ పట్టీ లేని ఇల్లు లేదు. బట్టలారేసే తాడు అదే, మేకను కట్టేదీ అదే, ఉయ్యాలకూ అదే. ఆమె ఆ పట్టీని మూడు వరసలు కలిపి గట్టి తాడుగా కుట్టింది. దానికి అటూ ఇటూ పిల్లల చెయ్యి దూరేటంత చుట్టలు కుట్టింది. మొదట పదకొండు. పిల్లలు వాటిని గాజులు అనేవాళ్ళు. ఎవరి గాజు వాళ్ళది. దాని మీద ఆమె సుద్దతో గుర్తు పెట్టేది, ఒకరికి చెట్టు, ఒకరికి పిల్లి, మా పాపకు దువ్వెన.

పిల్లలు గాజుల్లో చేతులు పెడితే, ఆమె తాడు మొన పట్టుకుని వాళ్ళ వైపు తిరిగి వెనక్కి నడిచేది. వీధిలో ఎక్కడ గుంత ఉంది, ఎక్కడ కాలువ మీద బండ ఊగుతుంది, పాలామె దూడ ఎక్కడ పడుకుంటుంది, అన్నీ ఆమె మడమలకు తెలుసు. చెవి మీద సుద్దముక్క, నోట్లో వక్కపలుకు. పెద్ద రోడ్డు దగ్గర మాత్రం ఆగి, చెయ్యి పైకెత్తి లారీ వాళ్ళను తిట్టి, పిల్లల్ని దాటించి, అవతల మళ్ళీ పిల్లల వైపు తిరిగి నడిచేది.

"పడతావు, ముందుకు చూసి నడువు," అని ఒకసారి నేనే అన్నాను.

"ముందర ఏముండాది టీచరమ్మా చూసేకి? పిల్లోళ్లు యెనకనే కదా ఉండేది," అంది.

నేను టీచరును. బెళుగుప్ప అవతల ఒక పల్లెలో సర్కారు బడి నాది. ఏడుంబావు బస్సుకు పోతే మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరు. అక్కడ నలభైమంది బిడ్డలకు ముక్కు తుడిచి, అక్షరాలు దిద్దించి, ఇంటికొచ్చేసరికి నా బిడ్డ ఇంకొకరి ఒళ్ళో ఉండేది. పాప నాయనకు సరుకు బండి తోలే పని, రెండేసి రోజులు ఇంటికి రాడు. కాబట్టి నాలుగు నుంచి ఆరు దాకా పాపను చూసేది ఆమే. నాకు ఆమె అవసరం. ఆ అవసరమే నన్ను లోపల్లోపల కాల్చేది. ఒకరి మేలు మనం రోజూ తింటుంటే వాళ్ళ మీద ప్రేమ పుడుతుందని అంటారు. నాకు ఎప్పుడూ పుట్టలేదు.

ఆమెకొక పాడలవాటు ఉండేది. పొద్దున్నే తాడు కదిలే ముందు ఒక్కొక్కరినీ "ఏం తిన్యావు?" అని అడిగి, ఆ జవాబును వీధంతా వినేటట్టు చాటేది. "ఈ దొరసానికి రాగిసంగటి. ఈ కలెక్టరుకు ఉప్మా, అదీ మాడిపోయిందంట." ఆడవాళ్ళు లోపల్నుంచే నవ్వుకుంటూ తిట్టేవాళ్ళు. మా పాప వంతు వచ్చేసరికి నేను బస్సులో ఉండేదాన్ని. కానీ సాయంత్రానికి ఎవరో ఒకరు నా చెవిన వేసేవాళ్ళు. "టీచరమ్మ ఇంట్లో ఈ పొద్దు కూడా బన్నేనంట." ఆమె ఎగతాళికి అనలేదని ఇప్పుడు తెలుసు. మరుసటి రోజు నుంచి పాపకు ఒక సంగటి ముద్ద ఆమె ఇంటి నుంచి వచ్చేది. సంగటి వచ్చినందుకు నాకింకా మండింది.

ఇంకో సంగతి. పిల్లల్ని ఎప్పుడూ ముద్దు చేయదు. బుగ్గ గిల్లదు, ఎత్తుకోదు. ఏడిస్తే "ఏడ్చుకో, ఐపోయినాక చెప్పు" అని పక్కన కూచుని తన పని చూసుకునేది. పిల్లలు ఏడ్చి, ఐపోయినాక చెప్పేవాళ్ళు. నేను బీఈడీలో చదివిన పుస్తకాల్లో ఇది లేదు. ఇంట్లో ప్రయత్నించి చూశాను. పాప ఏడవడం ఆపి, "నువ్వు పెద్దమ్మ మాదిరి చేస్తాండావు" అని నవ్వింది.

ఇక ఆ ఏడు మా ఊళ్ళో తప్పిపోయిన బిడ్డ సంగతి చెప్పాలి.

మా వీధి వాడు కాదు. రెండు వీధుల అవతల, ఆరేళ్ల పిల్లాడు. ఒక బుధవారం సాయంత్రం ఐదింటికి అంగట్లో బిస్కెట్లు కొన్నాడు, అదే ఆఖరు చూపు. ఆరింటికి వాళ్ళమ్మ వెతకడం మొదలుపెట్టింది. మూడో రోజు ఊరవతల ఎండిన వంకలో మేకలు తోలే ముసలాయనకు కనిపించాడు. అంతకంటే నేను రాయలేను. ఎవరు చేశారో ఈనాటికీ తేలలేదు.

తేలకపోవడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తేలని చోట అందరూ తేల్చేవాళ్ళే. గుప్తనిధులు తవ్వేవాళ్ళు బలిచ్చారని ఒకరు. కిడ్నీల ముఠా అని ఒకరు. బిడ్డ చిన్నాయన మీద ఒకరు, బొంతలమ్మే వాళ్ళ మీద ఒకరు. ఫోనుల్లో గొంతులు తిరిగేవి. "అక్కా, జాగ్రత్త, తెల్ల బండి, ముగ్గురుండారంట, మన సైడే వచ్చినారంట." ఎవరి గొంతో తెలియదు, అయినా అందరమూ ఇంకొకరికి పంపేవాళ్ళం. నేనూ పంపాను, చదువుకున్నదాన్ని.

నాకైతే నిద్ర కరువైంది, తిండి కరువైంది. పాప చేతి మీద పెన్నుతో నా నంబరు రాసేదాన్ని, గౌను లోపల కూడా కుట్టాను. బడి నుంచి నాలుగింటికి ఒకసారి, నాలుగుంబావుకు ఒకసారి పక్కింటికి ఫోను చేసేదాన్ని. తిరుగు బస్సులో గాలిమరలున్న మిట్ట దగ్గర సిగ్నలు పోతుంది. మళ్ళీ వచ్చేవరకు ముప్పావు గంట. ఆ ముప్పావు గంటలో నేను నా బిడ్డను ఎన్నిసార్లు పోగొట్టుకున్నానో లెక్కలేదు. సిగ్నలు రాగానే చేస్తే, పక్కింటామె ఎప్పుడూ ఒకే మాట చెప్పేది. "యాడికీ పోలేదులేమ్మా, ఆయమ్మ దగ్గరే ఉండాది." గుండె కుదుటపడేది. ఆ మరుక్షణమే మళ్ళీ మండేది.

ఆ రోజుల్లో ఆమెకు పట్టాభిషేకం జరిగింది. వేరే వీధుల వాళ్ళు వచ్చి, తమ పిల్లలకూ ఒక గాజు కుట్టమని బతిమాలారు. పదకొండు గాజులు పంతొమ్మిదయ్యాయి. ఎప్పుడూ ఎవరినీ నమ్మని మా వీధి పాలామె ఆమెకు ఊరికే చెంబెడు పాలు పోసేది. పంతొమ్మిది మంది పిల్లలు తాడు పట్టుకుని పోతుంటే, వాళ్ళ ముందు వెనక్కి నడుస్తూ ఆమె, ఇరవై అడుగులకోసారి లెక్క పెట్టుకునేది. "లెక్క తప్పితే తప్పిపోయింది మీరు కాదు, నేను," అనేది.

ఒక రోజు సెలవు పెట్టి నేనే పాపను బడికి దిగబెడతానని బయల్దేరాను. పాప నా చెయ్యి పట్టుకుంది గానీ తల తాడు వైపే. చనిపోయిన ఆ బిడ్డ తల్లి రోడ్డు దగ్గర నిలబడి ఉంది. బడి వేళకు ఆమె రోజూ వచ్చి అక్కడ నిలబడేదట. చూసినవాళ్ళందరం తల పక్కకు తిప్పుకున్నాం. పెద్దమ్మ మాత్రం ఆగింది. ఆ రోజు ఒక పిల్లాడు రాలేదు, చివర గాజు ఒకటి ఖాళీగా ఉంది. "రామ్మా, పట్టుకో," అంది. ఆ తల్లి వచ్చి ఆ చిన్న గాజులో చెయ్యి పెట్టి, పిల్లల వెంట బడి దాకా నడిచింది. మా పాప నా చెయ్యి విడిపించుకుని పోయి ఆ తల్లి పక్కన నడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట పెద్దమ్మకు తోచింది, నాకెందుకు తోచలేదని కూడా ఏడుపొచ్చింది.

ఆ వారమే బడిలో పిల్లలకు ఒకటి నేర్పారు. ఇంట్లో వాళ్ళతో ఒక గుట్టు మాట పెట్టుకోండి, ఎవరైనా వచ్చి "మీ అమ్మ తీసుకురమ్మంది" అంటే ఆ మాట అడగండి, చెప్పలేకపోతే పరుగెత్తండి అని. మంచి ఆలోచనే. నేను ఉత్సాహంగా పాపను కూర్చోబెట్టుకుని, ఏం మాట పెట్టుకుందామని అడిగాను.

"పెట్టుకున్నాం మా. నేనూ పెద్దమ్మా," అంది.

"ఏం మాట?"

"చెప్పకూడదు కదా. చెప్తే ఇంగ గుట్టు యాడిది?"

"నేను మీ అమ్మనే పాపా."

పాప నన్ను జాలిగా చూసింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. "నువ్వు యాడ వస్తావు మా నన్ను పిల్చుకోనికి? వచ్చేది పెద్దమ్మే కదా," అంది.

దానిలో తప్పేముంది చెప్పండి. లెక్క సరిగ్గానే ఉంది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

తర్వాత నాలుగో రోజో ఐదో రోజో, ఫోనుల్లో ఒక కొత్త గొంతు తిరిగింది. వంకలో బిడ్డ దగ్గర నీలం పట్టీ దొరికిందంట, దానికి ఉచ్చులున్నాయంట. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. పోలీసులు చెప్పారా? చెప్పలేదు. అయినా మధ్యాహ్నానికల్లా పిల్లలు గాజులన్నవి ఊరికి ఉచ్చులైపోయాయి. ఆమె ఒంటరి మనిషి, యాడనుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు, ఒకరి పిల్లల మీద అంత ప్రేమ ఊరికే ఎవరికి ఉంటుంది, దుడ్లు కూడా తీసుకోదు. నిన్నటిదాకా ఏవి చూసి మెచ్చుకున్నారో, ఇప్పుడు అవే సాక్ష్యాలు. నిప్పు లేనిదే పొగ రాదని పాలామె అంది. అంటూ ఉండగా ఆమె దూడ అదే నీలం పట్టీతో గుంజకు కట్టేసి ఉంది. నాకు కనిపించింది. మా కిటికీకి తెర వేలాడేదీ అదే పట్టీ మీద.

పోలీసులు ఆమెను ఒకసారి పిలిచి, యూనిట్లో విచారించి పంపేశారు. వాళ్ళకు అందులో ఏమీ కనిపించలేదు. మా వీధికే కనిపించింది.

ఆదివారం పొద్దున మంచినీళ్ల ప్లాంటు దగ్గర పిల్లల తల్లిదండ్రులంతా చేరారు. క్యాన్లు వరసలో పెట్టి, ఎవరూ నీళ్ళు పట్టుకోవడం లేదు. రేపటి నుంచి తాడుకు పిల్లల్ని పంపాలా వద్దా అన్నది మాట. ఆమెను కూడా పిలిపించారు. చెవి మీద సుద్దముక్కతోనే వచ్చింది.

పాలామె అడిగింది, "ఆ పిల్లోడు తప్పిపోయిన బుధవారం మాపటేళ ఐదింటికి నువ్వు యాడున్యావు?"

"టీచరమ్మ గడప మీద," అంది ఆమె. "పాపకు తల దువ్వుతాంటి. టీచరమ్మ ఆ పొద్దు బిరీన వచ్చింది. టీ కూడా ఇచ్చింది. టీచరమ్మనే అడగండి."

అని నా వైపు చూసింది. భయం లేదు, బతిమాలడమూ లేదు. అంగట్లో దుడ్లిచ్చి చిల్లర కోసం చెయ్యి చాపిన మనిషి మాదిరి, వచ్చేది వస్తుందిలే అని నిలబడింది.

ఆ బుధవారం నాకు గుర్తున్నంతగా నా పెళ్ళి రోజు కూడా గుర్తు లేదు. ఆ రోజు తోటి మాస్టారు బండి మీద దించితే నాలుగూ ముప్పావుకే ఇల్లు చేరాను. పాప ముఖం చూద్దామని ఆత్రంగా వచ్చాను. గడప మీద ఆమె కూచుని ఉంది, పాప తల ఆమె ఒడిలో ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. దువ్వెన పాయ తీస్తోంది. నేను వచ్చిన అలికిడికి పాప కళ్ళు కూడా తెరవలేదు. "ఇప్పుడొద్దు మా, పేలు చూస్తాండాది" అంది. టీ పెట్టి ఒక గ్లాసు ఆమె చేతికిచ్చాను, తాగి పోతుందని. పోలేదు. ఒక జడ వేసింది, విప్పింది, మళ్ళీ వేసింది. లోపల మంచం మీద కూచుని నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఐదైంది, ఐదున్నరైంది, ఆరైంది. ఆరుంబావుకు లేచింది. ఆమె ఎప్పుడు పోతుందా అని నిమిషం నిమిషం లెక్కపెట్టిన మనిషిని నేను. ఆమె ఎక్కడుందో నాకంటే బాగా చెప్పగలిగిన వాళ్ళు ఈ భూమి మీద లేరు.

"నిజమేనా టీచరమ్మా?" అని పాలామె అడిగింది.

ఒక్క ముక్క. ఔను అంటే చాలు. టీచరు మాట కాబట్టి అక్కడితో ఆగిపోయేది. కానీ ఔను అంటే, ఆ గడప మీద కూచున్నది ఆమె అని, పాప తల ఆమె ఒడిలో ఉందని, నేను లోపల ఒంటరిగా కూచున్నానని కూడా అంతమందిలో ఒప్పుకున్నట్టు అనిపించింది. రేపటి నుంచి మళ్ళీ తాడు, మళ్ళీ ఒడి, మళ్ళీ ఆ గుట్టు మాట. ఇవన్నీ అప్పుడే ఇంత వివరంగా అనుకున్నానని కాదు. లోపల ఏదో ఒకటి అడ్డం పడింది, అంతే.

"నాకు గుర్తు లేదు," అన్నాను.

నా పక్కనే ఉన్న పాప నా కొంగు లాగింది. "ఉండాది మా. నువ్వు టీ ఇచ్చినావు. బెల్లం టీ. నువ్వు లోపల కూచోనుంటివి."

అందరూ నన్ను చూశారు. "చిన్నపిల్ల," అన్నాను. "రోజూ దువ్వుతాంటాది కదా. ఏ పొద్దుది చెప్తాండాదో."

పాప కొంగు వదిలేసింది. పెద్దమ్మ నన్ను కాదు, పాపను చూసింది.

సోమవారం తాడుకు ముగ్గురే పిల్లలు. మంగళవారం ఎవరూ రాలేదు. అయినా ఎనిమిదింబావుకు తాడు చుట్ట భుజాన వేసుకుని వీధి మొదట్లో కాసేపు నిలబడి, యూనిట్‌కు పోయింది. యూనిట్లో కూడా ఆమె పక్క మిషనులో కూచునేది లేదని కొందరు పట్టుబట్టారట. గురువారం పొద్దున గదికి తాళం పెట్టింది. ఒక ట్రంకుపెట్టె, ఒక సంచి.

అప్పుడు నేను బస్సు కోసం వీధి మలుపులో ఉన్నాను. ఆమె బస్టాండు వైపు పోతోంది. ముందుకు చూసి నడుస్తోంది. ఆమె అట్లా నడవడం నేను చూడటం అదే మొదలు. నడక చేతగానట్టుగా, బండల దగ్గర తడుముకుంటూ నడుస్తోంది. నన్ను చూసి పెట్టె దించింది.

"టీచరమ్మా, గుర్తొస్తే చెప్పు," అంది. "నాకు కాదులే. ఊరికీ కాదు. పాపకు చెప్పు. ఆ పిల్ల తాను అబద్ధం చెప్పినానేమో అనుకుంటాండాది. నిన్న నన్నడిగింది, పెద్దమ్మా, ఆ పొద్దు నిజంగా నాకు దువ్వినావా అని."

నేను తలూపాను. నా బస్సు వచ్చింది, ఎక్కాను.

తొమ్మిది రోజుల తర్వాత ఊరికి చెప్పాను. నాకు గుర్తొచ్చింది, ఆమె ఆ రోజు మా ఇంట్లోనే ఉంది అని ప్లాంటు దగ్గర అందరి ముందూ అన్నాను. "టీచరమ్మది జాలి గుండె," అని పాలామె నవ్వింది. "పోయిన మనిషిని ఏమంటాంలేమ్మా ఇప్పుడు." ఎవరూ నమ్మలేదు, నమ్మనవసరం కూడా లేకపోయింది. ఆ తర్వాత ఏడాది పాటు పిల్లల్ని ఎవరికి వాళ్ళే దింపుకున్నాం, ఆ రోడ్డు మీద రోజూ ఒకరితో ఒకరం పోట్లాడుకుంటూ. మెల్లగా ఆ మాట కూడా పాతబడింది. ఆ బిడ్డ తల్లి ఒక్కతే ఒకసారి నన్ను ఆపి, "ఆయమ్మ యాడికి పోయిందో తెలుసామ్మా? ఆయమ్మ కాదు. నాకు తెలుసు," అంది. నాకూ తెలుసని ఆమెకు చెప్పలేకపోయాను.

పాపకు మాత్రం చెప్పలేదు. రేపు చెబుదాం, పండగ పోనీ, పరీక్షలు కానీ అనుకుంటూ తొమ్మిదేళ్లు గడిపాను. ఇంటర్లో మంచి మార్కులు వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను, మంచి రోజు పాడు చేయడమెందుకని మానుకున్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరికే అనలేదు. పాప పెద్దగా మారిందీ లేదు. చదివింది, నవ్వింది, నాతో సినిమాలకు వచ్చింది. ఒక్కటే, ఇంట్లో ఏదైనా జరిగినప్పుడు, ఫలానా రోజు ఫలానా మాట ఎవరన్నారు అని మేము వాదులాడుకుంటే, "నాకెట్ల తెలుస్తాది, నేను చిన్నపిల్లను కదా" అనేది. ఇరవైకి దగ్గర పడుతున్నా ఆ మాట మానలేదు. అందరూ తమాషా అనుకునేవాళ్ళు.

పుట్టపర్తి నుంచి మూడో రోజు తిరిగొచ్చింది. తల స్నానం చేసి వచ్చి గడప మీద కూచుంది. నేను దువ్వెన తీసుకుని వెనక కూచున్నాను. ఏమనుకుందో, వద్దనలేదు. చిన్నప్పటిలా కాదు, జుట్టు పలచబడింది. పాయ తీస్తూ అడిగాను, ఎవరు తలకొరివి పెట్టారని. లాడ్జీ వాళ్ళే చందాలేసుకున్నారని చెప్పింది. గదిలో ఏముండిందని అడిగాను.

"మిషను. బట్టలు. ఆ తాడు," అంది. "చుట్ట చుట్టి దిండు కింద పెట్టుకోనుండాది. సుద్ద గుర్తులన్నీ పోయినాయి. నాది యాదో తెలీలేదు. చివర గాజు ఒకటి తెచ్చుకుందామనుకున్యా. మళ్ళా తాడంతా ఆయమ్మతోనే పంపించినా."

చెయ్యి ఆగిపోయింది. ఇప్పుడు కాకపోతే ఇక లేదని తెలిసింది.

"పాపా, ఆ బుధవారం నాకు గుర్తే ఉండింది," అన్నాను. "ఆ రోజే గుర్తుండింది. ఆయమ్మ ఈ గడప మీదే ఉండింది. నువ్వు చెప్పింది నిజం. నేను కావాలనే అన్నాను."

పాప వెనక్కి తిరగలేదు. "తెలుసు మా," అంది.

"ఎప్పట్నుంచి?"

"పెద్దమ్మ చెప్పింది. మీ అమ్మకు గుర్తే ఉండాది, భయపడింది, తిట్టొద్దు, అనింది."

భయపడిందట. ఆమె నాకు అంత మంచి సాకు వెతికిపెట్టింది. భయం కాదు, నీ మీద కుళ్ళు అని ఆమెకు తెలియదా? తెలిసే ఉంటుంది. తొమ్మిదేళ్లు నా కూతురి దగ్గర నా పరువు కాపాడింది కూడా ఆమేనన్నమాట. చచ్చిపోయాక కూడా నాకేమీ మిగల్చలేదనిపించింది. అప్పుడు కూడా, ఆ గడప మీద, నాకు కలిగింది పశ్చాత్తాపం ఒక్కటే అని రాస్తే అది ఇంకో అబద్ధమవుతుంది.

ఒక జడ వేశాను. సరిగ్గా రాలేదు, విప్పి మళ్ళీ వేశాను. చివర ముడి వేస్తూ, మాటవరసకు అడిగినట్టుగా అడిగాను.

"ఆ గుట్టు మాట ఏంటిది పాపా? మీరిద్దరూ పెట్టుకున్నది. ఇప్పుడైనా చెప్పచ్చు కదా."

పాప తల నా చేతుల్లోంచి మెల్లగా తీసుకుని నా వైపు తిరిగింది. కోపం లేదు. నా ముఖాన్ని చాలాసేపు చూసింది. చిన్నప్పుడు ప్లాంటు దగ్గర కొంగు పట్టుకుని చూసినప్పటి కళ్ళే.

"గుర్తు లేదు మా," అంది.